సగం కనుబొమ్మ

పోయిన బుధవారం రాత్రి పదిన్నరకి అక్క ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు చేసిందంటే ఇంట్లో ఎవరికో బాగోలేదనుకుని ఎత్తాను. "తమ్ముడూ, పిల్లాడి కనుబొమ్మ సగం లేదురా" అంది. వీడియో కాల్‌లో చూసిందట, అడిగితే గెడ్డం గీసుకుంటుంటే చెయ్యి జారిందన్నాడట. పద్దెనిమిదేళ్లవాడు, గెడ్డమే ఇంకా సరిగ్గా రాలేదు, చెయ్యి జారితే మాత్రం కనుబొమ్మ దాకా ఎలా వెళ్తుందిరా అని అక్క నన్నడుగుతోంది.

వాడికి నేను చేశాను. మూడోసారికి ఎత్తాడు. ముందు నాకూ అదే గెడ్డం కథ చెప్పాడు. తర్వాత కాసేపు మాట్లాడలేదు. తర్వాత కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. వాడు ఒడిశాలోనే ఒక కాలేజీలో చేరి రెండు నెలలైంది, వాలీబాల్ జట్టులోకి తీసుకున్నారని మేమంతా కాశీనగర్‌లో స్వీట్లు పంచుకున్నాం కూడా. కొత్తగా చేరినవాళ్లు అయిదుగురు. నెల రోజులుగా సీనియర్ల జెర్సీలు, సాక్సులు, నీకేప్‌లు వీళ్లే ఉతుకుతున్నారు. రాత్రి పదకొండు దాటాక హాస్టల్ టెర్రస్ మీదకి పిలుస్తారు. చెడ్డీలతో కప్పగంతులు. మావాడు తెలుగువాడు కాబట్టి వాడికి అదనంగా ఇంకో పని, పేరు పెట్టి పిలవకుండా "తెలుంగా" అని పిలిచి తెలుగు పాటలు పాడిస్తారు, ఒక్కో లైన్‌కీ నవ్వుతారు. పోయిన వారం పాడనన్నాడు. అందుకు కనుబొమ్మ.

మర్నాడు బావ దగ్గరికి వెళ్లాను. పర్లాకిమిడి నుంచి కాశీనగర్ ఎంతసేపు, పొద్దున్నే వెళ్లిపోయాను. బావ నాకన్నా ప్రశాంతంగా ఉన్నాడు. "ఏటి బావా, దీనికింత టెన్షనేటి? మేం పడలేదా? నువ్వు పడలేదా? కొత్తగా చేరినోడికి ఇవన్నీ మామూలే. ఒక సంవత్సరం ఓర్చుకుంటే వాళ్లే అన్నల్లాగ చూసుకుంటారు. పిల్లాడు గట్టిపడతాడు" అన్నాడు. అక్క వంటింట్లోంచి వింటోంది, ఏమీ అనలేదు.

బావ చెడ్డవాడు కాదు. కొడుకంటే ప్రాణం. అందుకే ఆ మాట నన్నింతగా పట్టుకుంది. ఇది రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెప్తాను, ముందు బావ మాటకి జవాబు చెప్పనివ్వండి.

ఓర్చుకోవడం అనే మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే ఓర్చుకోవడం అంటే ఏమిటో నేను చిన్నప్పుడే చూశాను. మా మేనమామ బరంపురంలో పులివేషం కట్టేవాడు. అక్కడ ఠాకురాణి యాత్ర, అంటే అమ్మవారి జాతర, రెండేళ్లకోసారి వస్తుంది, ఎండలు ముదిరే కాలంలో. ఒళ్లంతా పసుప్పచ్చ రంగు, దాని మీద చారలు, నడుముకి తోక, డప్పుల ముందు వీధులన్నీ ఎగురుకుంటూ తిరగాలి. ఆ రంగు వెయ్యడం చూసినవాళ్లకి తెలుస్తుంది. చేతులు రెండూ చాపి, కాళ్లు ఎడంగా పెట్టి, రంగు ఆరేదాకా కదలకుండా నిలబడాలి. కొత్తగా చేరిన కుర్రాళ్లకి కళ్లు తిరిగేవి. మావయ్య వాళ్లని వదిలేవాడు కాదు. "నిలబడు, చార చెదిరిపోద్ది" అని గదమాయించేవాడు. కానీ తను కూడా వాళ్ల పక్కనే అలాగే చేతులు చాపి నిలబడేవాడు. ఎవరికైనా కళ్లు తిరుగుతున్నాయంటే గ్లాసు పట్టుకుని నీళ్లు తాగించేవాడు, ఎందుకంటే ఆ కుర్రాడు చేతులు దించకూడదు కదా. ఒకసారి ఒకడు నావల్ల కాదని ఏడ్చేస్తే రంగు కడిగించి డప్పు వాళ్ల దగ్గర నిలబెట్టాడు. ఆ ఏడు వాడు డప్పు కొట్టాడు. ఎవరూ వాడిని ఏమీ అనలేదు.

2024 నవంబరులో గుజరాత్‌లో పటాన్ దగ్గర ఒక మెడికల్ కాలేజీ హాస్టల్లో సీనియర్లు కొత్త పిల్లల్ని పరిచయాల పేరుతో మూడు గంటలకి పైగా నిలబెట్టారు. మొదటి సంవత్సరం కుర్రాడు ఒకడు, పద్దెనిమిదేళ్లవాడు, అలా నిలబడి నిలబడి పడిపోయాడు, చనిపోయాడు. పదిహేను మంది సీనియర్ల మీద కేసు పెట్టారు. వార్త చదివినప్పుడు నాకు మావయ్య రంగు వేయించుకుంటూ నిలబడడమే గుర్తొచ్చింది. అక్కడా నిలబడడమే, ఇక్కడా నిలబడడమే. ఎవరూ చెయ్యి కూడా చేసుకోలేదు, ఉత్తినే నిలబెట్టారు, అంతే కదా అనే వాళ్లున్నారు. మరి మా మావయ్య దగ్గర ఎవడూ ఎందుకు చావలేదు? మావయ్యకి కావలసింది పులి. ఆ కుర్రాడి మొహం చూస్తూ ఉన్నాడు, ఎందుకంటే సాయంత్రం వాడు ఎగరాలి. ఆ సీనియర్లకి ఆ నిలబడడంతో ఏ పనీ లేదు. వాళ్లకి కావలసింది వాడు నిలబడి ఉండగా తాము కూర్చుని ఉండడం.

మా ఊరి వాలీబాల్ జట్టులో నేను చేరినప్పుడు కూడా కొత్తవాడి పనులు ఉండేవి. నాలుగింటికే వెళ్లి గ్రౌండ్‌లో నీళ్లు చల్లాలి, సున్నంతో గీతలు గియ్యాలి, నెట్ కట్టాలి, బంతి మహేంద్రతనయ నది గట్టు వైపు పోతే పరిగెత్తి తేవాలి. అందులో నాకు అవమానం ఎప్పుడూ అనిపించలేదు. కెప్టెన్ కూడా తొందరగా వచ్చిన రోజు సున్నం డబ్బా తనే పట్టుకునేవాడు. బావ అన్న గట్టిపడడం నాకు ఆ గ్రౌండ్‌లోనే జరిగింది, రోజుకి రెండొందల సార్లు గోడకి బంతి కొట్టి చేతులు కమిలిపోయి. టెర్రస్ మీద చెడ్డీతో గెంతితే సర్వీస్ రాదు. కనుబొమ్మ గీస్తే లిఫ్టింగ్, అంటే కొట్టేవాడికి బంతి ఎత్తి ఇవ్వడం, మెరుగవదు. మావాడు లిఫ్టర్, వాడికి వేళ్లు కావాలి, భయం లేకుండా పక్కవాడికి "నాది" అని అరవగలిగే గొంతు కావాలి. రాత్రి తనని చూసి నవ్వినవాడికి పొద్దున బంతి ఎత్తి ఇవ్వాలంటే ఆ చెయ్యి ఎలా పడుతుందో ఆడినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

"అలా పడితేనే జట్టు మీద ప్రేమ పుడుతుంది" అని కూడా అన్నాడు బావ. ఇందులో కొంత నిజం ఉంది, ఒప్పుకోవాలి. అమెరికాలో ఇలియట్ ఆరన్సన్, జడ్సన్ మిల్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1959లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక చర్చా బృందంలో చేరాలనుకున్న కాలేజీ అమ్మాయిల్లో కొందరి చేత పరాయి మగవాడి ముందు సిగ్గుపడే మాటలు పైకి చదివించారు, కొందరి చేత తేలిక మాటలు చదివించారు, కొందరిని ఏమీ అడగలేదు. తర్వాత అందరికీ కావాలనే చప్పగా తయారుచేసిన ఒకే చర్చ వినిపించారు. బాగా సిగ్గుపడి లోపలికి వచ్చినవాళ్లు ఆ చప్పటి చర్చే చాలా బాగుందన్నారు. అంత పడి వచ్చాక అది బాగోలేదంటే మనసు ఒప్పుకోదు మరి. బావ చెప్పే ప్రేమ ఇదే. పడిన బాధకి మనసు కట్టుకున్న కట్టు అది. దాన్ని చూపించి బాధ మంచిదని ఎలా అంటాం?

ఇంకోటి, "వాళ్లే ఇష్టపడి చేస్తారు, ఎవరూ బలవంతం చెయ్యరు" అంటారు. 2011లో అమెరికాలోనే, ఫ్లోరిడా ఏ అండ్ ఎం యూనివర్సిటీ బ్యాండ్‌లో ఒక కుర్రాడు ఆగి ఉన్న బస్సులో ముందు నుంచి వెనక దాకా నడిచాడు, దారి పొడుగునా తోటివాళ్లు కొడుతుండగా. తనే ఎక్కాడు బస్సు. డ్రమ్ మేజర్, అంటే బ్యాండ్‌ని ముందుండి నడిపించేవాడు, ఇరవై ఆరేళ్లవాడు, కొత్తవాడు కూడా కాదు. ఆ బస్సు దాటితే బ్యాండ్‌లో గౌరవం వస్తుందట. ఆ రాత్రే చనిపోయాడు. వాయించేది సంగీతం! గౌరవం అనేది మెట్ల మీద పెట్టి, మెట్టు ఎక్కడమా మానడమా నీ ఇష్టం అంటే అది ఇష్టం కాదు.

ఇప్పుడు ఆ రెండో కారణం.

నేను 2001లో డిగ్రీకి ఆంధ్రా వైపు ఒక ఊళ్లో హాస్టల్లో చేరాను. మన సరిహద్దు వాళ్ల సంగతి తెలిసిందే, ఒడిశాలో "తెలుంగా", అటు దాటితే "ఒడియావాడు". మొదటి రోజే నా మాట పట్టుకున్నారు. "ఏటి" అన్నానని, "ఎల్లొస్తాను" అన్నానని. రోజూ రాత్రి భోజనాల ముందు మెస్‌లో బెంచీ ఎక్కించి మా ఊరి యాసలో వార్తలు చదవమనేవాళ్లు. యాభై మంది నవ్వేవాళ్లు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది మా పర్లాకిమిడిలో. అందరూ ఎగతాళి చేసే చోట సవర పిల్లల భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాసిన మనిషి ఆయన. ఆయన ఊరివాణ్ని, మాట వల్ల బెంచీ ఎక్కాను. మూడు నెలల్లో నా మాట మార్చుకున్నాను. ఇంటికి వెళ్తే అమ్మ "ఇదేట్రా, రేడియోలోలాగ మాట్లాడతన్నావు" అంది.

నన్ను బెంచీ ఎక్కించిన సీనియర్లలో ఒకతను నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్లాడు, రెండు రాత్రులు కూర్చున్నాడు. ఈ మాట దాచను. బావ లాంటివాళ్లు చెప్పే "అన్నల్లాగ చూసుకుంటారు" అబద్ధం కాదు. కానీ ఆ మనిషి మంచితనం ఆయనది, బెంచీ ఇచ్చింది కాదు. నన్ను బెంచీ ఎక్కించకపోయినా ఆయన ఆస్పత్రిలో కూర్చునేవాడే.

రెండో ఏడు మా హాస్టల్లోకి గుణుపురం కుర్రాడొకడు వచ్చాడు. మంచి లిఫ్టర్. మాట అచ్చం మాదే. వాడు నోరు తెరిస్తే నా పాత గొంతు వినిపించేది. వాణ్ని నేను కాపాడొచ్చు. ఇద్దరం నౌపడలో దిగి అదే గుణుపురం చిన్న రైలు ఎక్కేవాళ్లం, అప్పటికింకా న్యారో గేజే. కానీ వాడి పక్కన నిలబడితే నేనూ మళ్లీ "అక్కడివాణ్ని" అయిపోతానని భయం. అందుకని నేనే ముందు పడ్డాను. వాలీబాల్ జట్టులోకి కొత్తవాళ్లని తీసుకునే రోజు రాత్రి వాడి చేతికి చెప్పు ఇచ్చి, ఇది ఫోను, మీ అమ్మకి చేసి మీ భాషలో మాట్లాడు అన్నాను. ఆలోచన నాదే. నాకన్నా పైవాళ్లు చెప్పలేదు. ఇరవై మంది చుట్టూ ఉన్నారు. వాడు చెప్పు చెవి దగ్గర పెట్టుకుని "అమ్మా, నాను బాగానే ఉన్నానే. అన్నం బాగానే పెడతన్నారు. నువ్వు బెంగెట్టుకోకు" అన్నాడు. అందరూ పడిపడి నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

మా వరండాలో కాయిన్ బాక్స్ ఫోన్ ఉండేది. అప్పటిదాకా వాడు ప్రతి ఆదివారం దాన్నుంచే ఇంటికి చేసేవాడు. ఆ రాత్రి తర్వాత ఎప్పుడూ చెయ్యలేదు. కిలోమీటరు అవతల బజార్లో ఎస్‌టీడీ బూత్‌కి నడిచి వెళ్లేవాడని చాలా రోజులకి తెలిసింది. బూత్‌లో అయితే అద్దాల తలుపు ఉంటుంది, మాట బయటికి వినిపించదు. దసరా సెలవులకి వెళ్లి తిరిగొచ్చాక హాస్టల్ ఖాళీ చేసి ఎక్కడో గది తీసుకున్నాడు. గ్రౌండ్‌కి రావడం మానేశాడు.

దెబ్బ కొట్టలేదు, ఏమీ తాగించలేదు. అప్పటికే ఆంధ్రప్రదేశ్‌లో 1997 ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, మా మెస్ గోడ మీద కూడా రాసి ఉండేది. ఆ చట్టం కొట్టడం దగ్గర మొదలవదు, ఎగతాళి చెయ్యడం, సిగ్గుపడేలా చెయ్యడం దగ్గరే మొదలవుతుంది, దానికే ఆరు నెలల దాకా జైలు. ఆ రాత్రి నేను చేసింది అదే. గోడ మీద అక్షరాల కిందే కూర్చుని అన్నం తిన్నాను రోజూ.

మూడేళ్ల కిందట పాతపట్నంలో ఒక పెళ్లిలో కనిపించాడు. భోజనాల దగ్గర వాళ్లవాళ్లతో మా మాటే మాట్లాడుతున్నాడు, నవ్వుతూ, చేతులూపుతూ. నేను వెళ్లి పలకరించాను. నావైపు తిరిగి "బాగున్నారా, ఎక్కడుంటున్నారు ఇప్పుడు" అన్నాడు, పుస్తకంలో తెలుగులో. వాడు నన్ను అన్నా అనేవాడు, ఇప్పుడు అండీ అన్నాడు. నేను ఆ చెప్పు సంగతి ఎత్తి తప్పయిపోయిందన్నాను. "పర్వాలేదండీ, ఎప్పటి మాటో" అన్నాడు. మళ్లీ వాళ్లవాళ్ల వైపు తిరగ్గానే మా మాట వచ్చేసింది. ఇరవై ఏళ్లు దాటినా నా ముందు మాత్రం ఆ మాట రాలేదు.

అందుకే బావ "నువ్వు పడలేదా" అంటే నేను ఊరుకోలేకపోయాను. పడ్డాను, పడినదాన్ని ఇంకొకడి మీద పడేశాను. టెర్రస్ మీద మావాడి కనుబొమ్మ గీసినవాడు కూడా పోయిన ఏడు అదే టెర్రస్ మీద గెంతినవాడే అయ్యుంటాడు. వచ్చే ఏడు రేజర్ మావాడి చేతికి వస్తుంది. బావకి కొడుకు దెబ్బ తింటాడేమోనన్న భయం లేదు, సరే, కానీ నాకు అంతకన్నా పెద్ద భయం ఇదే. ఈ మాటే చెప్పాను. బావ అప్పుడు మాత్రం తలెత్తి చూశాడు.

కాలేజీలో చేరేటప్పుడు ర్యాగింగ్ జోలికి వెళ్లనని పిల్లలూ తల్లిదండ్రులూ సంతకం పెట్టే హామీ పత్రం ఒకటుంటుంది, బావ కూడా పెట్టాడు, చదవకుండా. ఎవరం చదువుతాం! దాని వెనక ఒక పిల్లాడి ప్రాణం ఉంది. 2009 మార్చి 8న హిమాచల్‌లో టాండా మెడికల్ కాలేజీలో అమన్ కాచ్రూ అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు తాగిన సీనియర్లు కొట్టిన దెబ్బలకి చనిపోయాడు. ఆ ఏడాదే కాలేజీల్ని, యూనివర్సిటీల్ని చూసే కేంద్ర సంస్థ యూజీసీ ర్యాగింగ్ నిబంధనలు వచ్చాయి. అమన్ వాళ్ల నాన్న ఉద్యమం చేసి ఈ పనిని వదలకుండా పట్టుకున్నాడు. దేశమంతటికీ ఒక హెల్ప్‌లైన్ ఉంది, 1800-180-5522, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు. ఇది క్లాసులకే కాదు, హాస్టల్‌కి, ఆటల జట్టుకి, కాలేజీ పిల్లలున్న ఏ చోటుకైనా వర్తిస్తుంది. 2016లో ఆ నిబంధనల్లో ఒక సవరణ చేర్చారు. కులం, మతం, రంగు, ప్రాంతం, ఆర్థిక స్థితితో పాటు భాష పేరుతో చేసే వేధింపు కూడా ర్యాగింగే అని అందులో ఉంది. అది చదివి అక్కకి ఫోన్‌లో వినిపించాను. "తెలుంగా అనడం కూడానా?" అంది. అదీ అందులోకే వస్తుంది అన్నాను.

మరి జట్టులో స్థానం పోతుందేమో? పోవచ్చు. మావాడి భయం కూడా అదే, చెప్పేస్తే ఇక బంతి ముట్టుకోనివ్వరని. పద్దెనిమిదేళ్ల పిల్లాడికి అది చిన్న భయం కాదు, దాన్ని తీసిపారేసే హక్కు నాకు లేదు. అందుకే ఒంటరిగా చెప్పొద్దన్నాను, మిగతా నలుగురితో మాట్లాడమన్నాను. ఇద్దరు వస్తామన్నారట. నెట్ కడతాం, గ్రౌండ్ ఊడుస్తాం, సీనియర్లతో కలిసి ఏ పనైనా చేస్తాం, టెర్రస్ మీదకి మాత్రం రాం అని ముగ్గురూ కెప్టెన్‌కి చెప్పారు. రెండు రోజులుగా ప్రాక్టీస్‌కి పిలవలేదు. కోచ్ ఏమో నాకేమీ తెలియదంటున్నాడు. సగం కనుబొమ్మతో రోజూ తన ముందు నిలబడిన పిల్లాడిని చూసి తెలియలేదంటే ఏమనాలి.

నిన్న రాత్రి వాడికి గుణుపురం కుర్రాడి సంగతంతా చెప్పాను. చెప్పు, కాయిన్ బాక్స్, బూత్, పెళ్లి, అన్నీ. అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పని విషయం. వాడు మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. చివర్న "ఆయన మళ్లీ ఆడాడా మావయ్యా?" అన్నాడు.

నేను అది అడగనేలేదు. పెళ్లిలో అంతసేపు నా తప్పు గురించి చెప్పుకున్నాను గాని, అతను మళ్లీ బంతి పట్టుకున్నాడో లేదో అడగలేదు.

ఆదివారం రాత్రి బస్సుకి నేనూ బావా బయల్దేరుతున్నాం. సోమవారం పొద్దున్నే కాలేజీకి వెళ్లి ప్రిన్సిపాల్‌ని కలుస్తాం. ఫిర్యాదు కాగితం రాసింది బావే, మొదటి పేజీకి పిల్లాడి ఫోటో అంటించాడు.